నాలుగు వందల పన్నెండు మందికి ఒక్కడే ఉద్యోగి

గుండ్లవరం ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఏ కాగితం చెల్లాలన్నా రెండు కావాలి. ఒకటి ప్రిన్సిపాల్ సంతకం. రెండోది ఆ సంతకం ఎక్కడ పెట్టాలో చూపించే ఏలీషా చూపుడువేలు.

ఏలీషా అక్కడ అటెండరు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ పదకొండు గంటలకు ఫైళ్ళు చంకన పెట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్తాడు. ఒక్కో కాగితం తిప్పి, కింద కుడిపక్కన వేలు ఆనిస్తాడు. ప్రిన్సిపాల్ ఫోన్లో మాట్లాడుతూనో, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూనో అక్కడ సంతకం గీకుతారు. ఇప్పటికి తొమ్మిది మంది ప్రిన్సిపాళ్ళు మారారు. ఒకాయన ఎడంచేత్తో పెట్టేవాడు, ఒకావిడ కళ్ళజోడు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ పెట్టేది. కాగితం చదివిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. ఆ అవసరం కూడా రాలేదు. ఏలీషా పదో తరగతి పాసయినవాడు. వరండాలో స్టూలు మీద కూర్చుని ప్రతి కాగితమూ తనే చదివి, సరిగ్గా ఉందనుకుంటేనే లోపలికి తీసుకెళ్ళేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క తప్పుడు కాగితం మీద వేలు పెట్టలేదు. మనిషికి ఉన్న గర్వం అదొక్కటే.

ఎందుకంటే ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. రికార్డుల్లో అతను పార్ట్‌టైం అటెండరు. పొద్దున ఎనిమిదింటికి గేటు తాళం తీసేదీ అతనే, సాయంత్రం ఆరింటికి వేసేదీ అతనే. ఈ మధ్యలో ఉన్న మొత్తాన్ని ప్రభుత్వం పార్టు అంటుంది. ఏటా జూన్లో సిబ్బందికి నీలం రిబ్బన్ల గుర్తింపు కార్డులు వస్తాయి. అవి ఎవరిది వాళ్ళ మెడలో వేయడం ఏలీషా పని. అందరివీ పంచాక డబ్బా ఖాళీ అయ్యేది. ఇంటికెళ్తే భార్య సువార్తమ్మ ఏటా ఒకే మాట అడిగేది. "ఈసారన్నా నీ బొమ్మున్న కార్డు వచ్చిందా అయ్యా?"

ఈసారి వచ్చేలాగే ఉంది. పాతికేళ్ళు దాటిన పార్ట్‌టైం వాళ్ళను పర్మినెంటు చేస్తామని జిల్లా కార్యాలయం జాబితా తీసింది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదుతో గడువు. అప్పటికి ఏలీషాకు యాభై ఏడు నిండుతాయి. ఆ తేదీ దాటితే వయసు మీరినట్టే లెక్క.

సరిగ్గా ఆ సంవత్సరమే రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు దిగింది. పథకం పేరు 'యువ ఉపాధి ప్రదాతల సమగ్ర రూపాంతరీకరణ మహోద్యమం'. సారాంశం ఏమిటంటే, యువత ఉద్యోగాలు అడుగుతోంది కాబట్టి నిరుద్యోగం ఉంది, అడగడం మానేస్తే నిరుద్యోగం ఉండదు. కనుక ఇకపై ప్రతి విద్యార్థీ ఒక సంస్థ స్థాపించి, ఉద్యోగం ఇచ్చేవాడు కావాలి. ఆ సబ్జెక్టులో తప్పితే డిగ్రీ లేదు.

ప్రిన్సిపాల్ డాక్టర్ త్రివిక్రమరావు గారు ఆ ఉత్తర్వును కళ్ళకద్దుకున్నారు. ఆయన చరిత్రలో డాక్టరేటు చేసిన మనిషి. ఎప్పటికైనా తన పేరు కూడా అందులోకి ఎక్కకపోతుందా అని ఎదురుచూస్తున్నారు. వెంటనే స్టాఫ్ మీటింగు పెట్టారు.

"పై విషయమై మనం యుద్ధప్రాతిపదికన సన్నద్ధం కావలసి ఉంది. ఈ క్షణం నుంచి ఈ ప్రాంగణంలో 'ఉద్యోగం కావాలి' అన్న మాట వినపడరాదు. ఉద్యోగార్థి మనస్తత్వాన్ని కూకటివేళ్ళతో పెకలించాలి" అన్నారాయన.

పెకలించే పని ఏలీషా మీద పడింది. గేటు పైన 'ఉద్యోగార్థి రహిత ప్రాంగణం' అని బోర్డు కట్టాడు. లైబ్రరీలో పోటీ పరీక్షల పుస్తకాలన్నీ ఒక బీరువాలో పెట్టి తాళం వేసి, పైన 'హానికర సాహిత్యం' అని చీటీ అంటించాడు. రోజూ పొద్దున్నే పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు కత్తిరించి తీసేయడం కొత్త డ్యూటీ. పిల్లలు పేపరు తెరిస్తే ఆ బొక్కలోంచి ఎదుటివాడి మొహం కనిపించేది. కత్తిరించిన ముక్కల్ని తగలబెట్టమన్నారు. ఏలీషాకు మనసొప్పక గోనెసంచిలో దాచాడు.

పథకానికి సమన్వయకర్తగా వృక్షశాస్త్రం చెప్పే కమలాకరం గారిని వేశారు. ఆయన జీవితంలో వ్యాపారం చేసిన అనుభవం లేదు. చిన్నప్పుడు నేరేడుపళ్ళు అమ్మబోయి తనే తినేశారు. అయినా మూడు రోజుల శిక్షణకు పంపితే, తిరిగొచ్చేటప్పటికి మాట మారిపోయింది. "మీ సమస్య ఏమిటి? దాని పరిష్కారం ఏమిటి?" అని ఎదురుపడ్డవాళ్ళనల్లా అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు సువార్తమ్మ కేరేజీ తెస్తే ఆమెనూ అడిగారు. మోకాళ్ళ నొప్పులని ఆవిడ చెప్పుకుంది.

మొత్తం విద్యార్థులు నాలుగు వందల పన్నెండు మంది. అందరూ వరసలో నిలబడి తమ ఆలోచనలు చెప్పాలి. ఒకడు మేతకెళ్ళిన గేదె ఎక్కడుందో ఫోన్లో చూపించే యాప్ అన్నాడు. ఒకడు పెళ్ళిళ్ళలో మిగిలిన అరిటాకుల జాతీయ మార్పిడి కేంద్రం అన్నాడు. ఒకమ్మాయి పరీక్ష మధ్యలో రీఫిల్ అయిపోతే డ్రోనుతో పంపిస్తానంది. కమలాకరం గారు అన్నింటికీ 'వినూత్నం' అని ముద్ర కొట్టారు.

తర్వాత బీకాం మూడో ఏడాది తిరుపతమ్మ వచ్చింది. వాళ్ళమ్మతో కలిసి బస్టాండు దగ్గర ఇడ్లీబండి నడుపుతుంది. తెల్లారుజామున నాలుగింటికి లేచి పిండి కలిపి, పొద్దున తొమ్మిదింటికల్లా గిన్నెలు కడిగి కాలేజీకి వస్తుంది.

"సార్, మాకు ఇడ్లీబండి ఉంది. ఆరేళ్ళ నించి నడస్తంది. ఇద్దరు ఆడోళ్ళు మా దగ్గర పని చేస్తన్నారు. దాన్నే రాసుకోండి" అంది.

కమలాకరం గారు జాలిగా చూశారు. "అది ఏ సమస్యకు పరిష్కారం?"

"ఆకలికండీ."

"ఆకలి పాత సమస్యమ్మా. కొత్త సమస్య తీసుకురా. పైగా ఆ బండి ఇప్పటికే నడుస్తోంది. నడుస్తున్నదాన్ని ఎలా స్థాపిస్తావు?"

తిరుపతమ్మ వరసలో చివరికి వెళ్ళి, కాసేపు ఆలోచించి, ఇడ్లీ వేడిగా ఉందో లేదో ముట్టుకోకుండా ఫోన్లో చెప్పే యాప్ అని రాయించింది. ముద్ర పడింది.

ఇంతవరకూ ఫరవాలేదు. చిక్కంతా ఏడో నిబంధన దగ్గర వచ్చింది. ప్రతి సంస్థా కనీసం ఒక ఉద్యోగిని నియమించి, అతని చేరిక పత్రం జతపరచాలి. పిల్లలు ఒకరినొకరు పెట్టుకుందామంటే ఎనిమిదో నిబంధన ఒప్పుకోదు. మరొకరి దగ్గర ఉద్యోగిగా చేరిన విద్యార్థిలో ఉద్యోగార్థి మనస్తత్వం ఉన్నట్టు భావించి సున్నా వేస్తారు. ఇడ్లీబండి దగ్గర ఆడవాళ్ళను చూపిద్దామంటే తొమ్మిదో నిబంధన ప్రకారం, తనిఖీ సౌలభ్యం నిమిత్తం, ఉద్యోగి ప్రాంగణంలోనే అందుబాటులో ఉండాలి. లెక్చరర్లు ఇంకో కొలువు చేయకూడదని పదో నిబంధన.

కమలాకరం గారు రెండు రోజులు జుట్టు పీక్కున్నారు. మూడో రోజు వరండాలో నడుస్తూ స్టూలు దగ్గర ఆగారు. స్టూలు మీద ఏలీషా ఉన్నాడు.

"ఏలీషా, నువ్వు పార్ట్‌టైం కదూ?"

"అవును సార్."

"పార్ట్‌టైం అంటే మిగతా టైం ఖాళీ అనే కదా అర్థం?"

ఇరవై ఆరేళ్ళలో ఆ మిగతా టైం ఏలీషాకు ఎప్పుడూ ఎదురుపడలేదు. అయినా కాగితం మీద అలాగే ఉంది మరి. ఆ మధ్యాహ్నం నాలుగు వందల పన్నెండు చేరిక పత్రాలు అతని ముందు పెట్టారు. మొదటిది చదివి తల ఎత్తాడు. "నేను చేరానని ఉంది, ఇదేంది సార్?"

"పిల్లల ప్రాజెక్టుకయ్యా. నువ్వు పెట్టకపోతే వాళ్ళ డిగ్రీలు పోతాయి" అని కమలాకరం గారు కాగితం కింద కుడిపక్కన వేలు ఆనించారు.

పిల్లల డిగ్రీలు అనేసరికి ఏలీషా మెత్తబడ్డాడు. జీవితంలో మొదటిసారి వేరేవాళ్ళు వేలు పెట్టినచోట తను సంతకం చేశాడు.

మర్నాటి నుంచి అతని బతుకు బస్టాండయింది. గేదెల యాప్‌కు అతను దక్షిణ భారత విభాగాధిపతి. అరిటాకుల కేంద్రానికి జనరల్ మేనేజరు. డ్రోను రీఫిల్ సంస్థకు గగనతల సలహాదారు. జీతం సంగతి ఉత్తర్వులో స్పష్టంగానే ఉంది, 'అనుభవ రూపేణా చెల్లించవచ్చును' అని. రోజూ నాలుగు వందల పన్నెండు హాజరు పట్టీల్లో సంతకం పెట్టాలి. అది ముగిసేసరికి మధ్యాహ్నం అయ్యేది. గంట కొట్టేవాడు లేక రెండో పీరియడు ఒక్కోరోజు సాయంత్రం దాకా సాగింది. పంతొమ్మిదేళ్ళ యజమానులు చెట్టుకొకరుగా నిలబెట్టి సమీక్షలు జరిపేవారు.

"ఏలీషా గారూ, ఈ త్రైమాసికంలో మీ పనితీరు ఆశాజనకంగా లేదు" అన్నాడు గేదెల యాప్ కుర్రాడు, పుస్తకంలో చూసి.

"గేదెలు దొరకట్లేదా బాబూ?"

"మాకు గేదెలు లేవు. అయినా మీలో తపన కనిపించట్లేదు."

ఒకరోజు సువార్తమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి సెలవు కావలసివచ్చింది. నాలుగు వందల పన్నెండు సెలవు చీటీలు రాయాలి. అరవై దాకా రాసేసరికి ఆవిడ మోకాళ్ళ నొప్పులు వాటంతటవే తగ్గాయి.

ఏలీషా ఇవన్నీ నవ్వుకుంటూనే భరించాడు. ఫిబ్రవరి చివర్లో జిల్లా కార్యాలయం నుంచి అతని ఫైలు తిరిగి వచ్చింది. ఆఫీసు సూపరింటెండెంటు అనసూయమ్మ గారు అతన్ని పిలిచి, కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోమన్నదంటే కబురు మంచిది కాదని ఏలీషాకు తెలుసు.

"విను. 'సదరు వ్యక్తి ప్రస్తుతము నాలుగు వందల పన్నెండు సంస్థలయందు వివిధ హోదాలలో పనిచేయుచున్నట్లు రికార్డుల వలన తేటతెల్లమగుచున్నది. ఇంతటి ఉన్నత స్థితిలో ఉన్న వ్యక్తికి అటెండరు కొలువు అవసరము లేదని భావించడమైనది. ఫైలు త్రిప్పి పంపడమైనది.' అదీ సంగతి."

"ఇప్పుడేం చెయ్యమంటారమ్మా?"

"అన్నిటికీ రాజీనామా చెయ్యి."

"చేస్తే పిల్లలకి సున్నా వేస్తారు గదమ్మా."

"వేస్తారు. ఉద్యోగి లేని సంస్థ చెల్లదు."

ఏలీషా వరండాలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళ పాటు ఒకే ఒక్క ఉద్యోగం కోసం కాచుకున్నాడు. నాలుగు వందల పన్నెండు ఉద్యోగాలు వచ్చి దాన్ని కాస్తా ఎత్తుకుపోయాయి. ఏడుపు వచ్చింది. అటెండరు వరండాలో ఏడవకూడదని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

తిరుపతమ్మ చూడనే చూసింది. పక్కన గచ్చు మీద కూర్చుని, సంగతంతా చెప్పించుకుంది.

"ఏం కాదులే బాబాయ్. నీ బదులు ఇంకొకళ్ళుంటే చాలు గదా. మాకు ఉద్యోగి ఉంటాడు, నువ్వు బయటపడతావ్."

"ఎవరుంటారు తల్లీ? పొద్దస్తమానం కాలేజీలోనే ఉండాలంట. చేతిలో పని లేనోళ్ళు కావాలంట."

ఎదురుగా ప్రిన్సిపాల్ గది తలుపు తెరిచే ఉంది. లోపల త్రివిక్రమరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటున్నారు. తిరుపతమ్మ అటు చూసింది. ఏలీషా ఆమెను చూసి, తనూ అటు చూశాడు.

"వద్దమ్మాయ్. తప్పుడు కాగితం మీద నేను వేలు పెట్టను."

"తప్పేముంది? లెక్చరర్లు చేరకూడదన్నారు గానీ, ప్రిన్సిపాల్ చేరకూడదని ఎక్కడా రాయలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఆయనకి చెప్పు. చెప్పాకే వేలు పెట్టు. ఆయన ఇష్టమైతే పెడతారు, లేకపోతే మానేస్తారు. నువ్వేమన్నా దాస్తన్నావా?"

ఈ మాట ఏలీషాకు న్యాయంగా తోచింది. వారం రోజుల్లో పిల్లలు కొత్త చేరిక పత్రాలు రాసిచ్చారు. ప్రిన్సిపాల్‌కు హోదా దగ్గర ఏం రాయాలో తెలియక, వాళ్ళకు తెలిసిన ఒకే ఒక్క అసలు ఉద్యోగం పేరు రాశారు, అటెండరు అని. ఏలీషా రాజీనామాలు వాటి కింద పెట్టి, పదకొండు గంటలకు లోపలికి వెళ్ళాడు.

"సార్, ఇయ్యి మీ జాయినింగ్ రిపోర్టులండీ" అన్నాడు గట్టిగా.

ప్రిన్సిపాల్ ఫోన్లో ఎవరికో పథకం డైరెక్టరు గారి రాక గురించి చెబుతున్నారు. "పెట్టు పెట్టు. ఎక్కడ?"

"మీరు పిల్లల దగ్గర అటెండరుగా చేరతన్నట్టు సార్."

"మంచిది. ఎక్కడయ్యా?"

"నాలుగు వందల పన్నెండు చోట్ల సార్."

"అబ్బ, వేలు పెట్టవయ్యా బాబూ, అవతల లైన్లో ఉన్నారు!"

ఏలీషా మూడుసార్లు చెప్పాడు. దేవుడు సాక్షి, అంతకన్నా చెప్పడం అతని వల్ల కాదు. వేలు పెట్టాడు. మూడు రోజులు వరసగా పదకొండు గంటలకు సంతకాలు సాగాయి. మూడో రోజు "ఈమధ్య పని ఎక్కువైందోయ్" అని ప్రిన్సిపాల్ చెయ్యి పిసుక్కున్నారు.

మార్చి ఇరవయ్యో తేదీన పథకం డైరెక్టరు గారు వచ్చారు. షామియానా, పూలకుండీలు, గేటు నుంచి వేదిక దాకా ముగ్గు. ఏలీషాకు ఇస్త్రీ చొక్కా వేయించి, ఏకైక ఉద్యోగిగా వేదిక ఎక్కినప్పుడు ఏం మాట్లాడాలో ప్రిన్సిపాల్ స్వయంగా బట్టీ పట్టించారు. కమలాకరం గారు మైకు ముందుకొచ్చి, రికార్డు తెరిచారు.

"నాలుగు వందల పన్నెండు సంస్థల భారాన్ని ఒంటిచేత్తో మోస్తున్న ఆదర్శ ఉద్యోగి, మన కళాశాల గర్వించదగ్గ అటెండరు, శ్రీ..." ఆయన రికార్డులోకి చూశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశారు. ఆయనకు రాసి ఉన్నది చదవడమే తెలుసు. "శ్రీ డాక్టర్ త్రివిక్రమరావు గారు, ఎం.ఏ., పిహెచ్.డి."

పిల్లలు చప్పట్లతో షామియానా లేపేశారు. ప్రిన్సిపాల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఈలోగా డైరెక్టరు గారు లేచి ఆయన్ను గట్టిగా వాటేసుకున్నారు.

"మిత్రులారా! తన విద్యార్థుల వద్ద తానే అటెండరుగా చేరిన ప్రిన్సిపాల్‌ను నా సర్వీసులో చూడలేదు! దీనిని నేను అధోముఖ నాయకత్వం అంటాను. రాష్ట్రవ్యాప్తంగా ఈ నమూనాను అమలు చేసే దిశగా చర్యలు చేపడతామని మనవి చేస్తున్నాను. ఏప్రిల్ మొదటి తేదీన ఉత్తమ ఉపాధి ప్రదాయక కళాశాల షీల్డు ఎవరికి వస్తుందో నేను చెప్పను. చెప్పకపోయినా మీకు తెలుసు!"

మెడలో బంతిపూల దండ పడింది. త్రివిక్రమరావు గారు నోరు తెరిచారు, మూశారు, దండను ఒకసారి వాసన చూశారు. తర్వాత మైకు అందుకుని, ఈ ఆలోచన తనకు ఎలా తట్టిందో ముప్పావుగంట చెప్పారు.

దండ వాడిపోయాక కోపం వచ్చింది. మర్నాటి నుంచి ఆయన ప్రతి కాగితమూ చదవసాగారు. చిన్న స్కేలు వరసల కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ, మొదటి అక్షరం నుంచి చివరి రబ్బరు స్టాంపు దాకా చదివేవారు. సున్నపు డబ్బాల రసీదు చదవడానికి ఒక పూట పట్టింది. టీసీలు ఆగిపోయాయి, బిల్లులు ఆగిపోయాయి. ఏలీషా వేలు పెడితే "తియ్యి!" అని కసిరేవారు.

అలాంటి సమయంలో, మార్చి ఇరవై ఎనిమిదిన, జిల్లా కార్యాలయం నుంచి ఏలీషా ఫారం వచ్చింది. రికార్డులో అతని పేర కొలువులేవీ లేవని తేలింది కాబట్టి, ప్రిన్సిపాల్ ధ్రువీకరించి పంపితే చాలు. ఒకటే వాక్యం, 'ఇతనికి ఈ ఉద్యోగము అవసరమని ధ్రువీకరించడమైనది.' కింద కుడిపక్కన ఖాళీ.

ప్రిన్సిపాల్ స్కేలు పెట్టి చదివారు. "ఉద్యోగం అవసరమని నేను ధ్రువీకరించాలా? గేటు మీద బోర్డు ఏమని ఉంది?"

"ఉద్యోగార్థి రహిత ప్రాంగణం అని ఉంది సార్. నేనే కట్టా."

"మరి నువ్వెవరు? ఉద్యోగార్థివి! నా ప్రాంగణంలో ఉద్యోగార్థి ఉన్నాడని నా సంతకంతో నేనే రాసిస్తే షీల్డు వస్తుందా? ఏప్రిల్ ఒకటి దాటనీ, చూద్దాం."

"ముప్పై ఒకటితో గడువైపోద్ది సార్."

"చరిత్రలో గడువులు చాలా పోయాయి."

"సార్, ఇరవై ఆరేళ్ళు..." అని మొదలుపెట్టాడు ఏలీషా. చివరికి ఆ ఆవరణలో ఎవరూ అనకూడని మాటే వచ్చింది. "నాకు ఉద్యోగం కావాలి సార్."

పక్క ఆఫీసు గదిలో అనసూయమ్మ గారు టైపు కొట్టడం ఆపేశారు. ప్రిన్సిపాల్ కిటికీ వైపు తిరిగి, ఎవరన్నా విన్నారేమోనని చూశారు. విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆయన ఫారం మడిచి సొరుగులో పెట్టారు.

మూడు రోజులు గడిచాయి. ముప్పై ఒకటో తేదీ సాయంత్రం నాలుగింటికి ఏలీషా స్టూలు మీద కూర్చుని గోడగడియారం చూస్తున్నాడు. సువార్తమ్మ కొత్త చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు, కార్డు వచ్చాకే వస్తానంది.

అప్పుడు తిరుపతమ్మ ముందు నడుస్తుంటే వెనక పిల్లలంతా వరండా నిండా వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కాగితం.

"మే ఐ కమిన్ సార్?" అంది తిరుపతమ్మ, వినయంగా. "మీరు మా సంస్థలో అటెండరు గదండీ. మా పుస్తకంలో ఆరో పాఠం, ఉద్యోగి నిర్వహణ. మొదటి మెట్టు, ఉద్యోగికి పని రాతపూర్వకంగా అప్పజెప్పాలి. రెండో మెట్టు, గడువు చెప్పాలి. మూడో మెట్టు, గడువులోగా చెయ్యకపోతే తీసెయ్యాలి. కమలాకరం సారే చెప్పారు."

ప్రిన్సిపాల్ ఆమె కాగితం అందుకుని స్కేలు పెట్టారు. 'మా సంస్థలో అటెండరుగా పనిచేయుచున్న మీరు సాయంత్రం ఐదు గంటలలోగా ఏలీషా గారి ఫారం మీద సంతకం చేయవలెను. లేనియెడల మిమ్ములను విధుల నుండి తొలగించడమగును.' ఆయన పక్కదానికి వెళ్ళారు. అదే మాట. గేదెల యాప్ తరఫున అదనంగా 'మీలో తపన కనిపించుట లేదు' అని ఉంది. ఒకటొకటే చదువుతూ పోయారు. అలవాటు పడ్డాక మానడం కష్టం.

ముప్పయ్యో కాగితం దగ్గర అనసూయమ్మ గారు లోపలికి వచ్చి నెమ్మదిగా అన్నారు. "సార్, అందరూ తీసేస్తే నాలుగు వందల పన్నెండు సంస్థల్లో ఒక్క ఉద్యోగీ ఉండడు. పిల్లలందరికీ సున్నాలే. షీల్డు కాదు కదా, ఎంక్వయిరీ వస్తుంది. టైం నాలుగూ నలభై అయింది."

పిల్లలకూ అందులో డిగ్రీలు పోతాయి, ఆ సంగతి వాళ్ళకు తెలుసు. అయినా ఒక్కరూ కదల్లేదు. ఏలీషా మధ్యలోకి వచ్చి, "వద్దు తల్లీ, మీ చదువులు పాడు చేసుకోమాకండి, నా సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. తిరుపతమ్మ వినిపించుకోలేదు.

త్రివిక్రమరావు గారు సొరుగు తెరిచి ఫారం బయటికి తీశారు. స్కేలు పక్కన పడేశారు. కలం మూత తీసి, కాగితం వైపు చూసి, ఏలీషా వైపు చూశారు.

"ఎక్కడ?"

ఏలీషా కింద కుడిపక్కన వేలు ఆనించాడు. సంతకం పడింది.

ఐదుకు ఐదు నిమిషాలుండగా అనసూయమ్మ గారు ఆ ఫారం స్కాన్ చేసి జిల్లా కార్యాలయానికి పంపించేశారు. షీల్డు మర్నాడు వచ్చింది. ఏలీషా పర్మినెంటు ఉత్తర్వు నెల రోజులకు వచ్చింది. జూన్లో కార్డుల డబ్బా వచ్చినప్పుడు ఏలీషా అందరి మెడల్లోనూ వేసి, చివరికి మిగిలినదాన్ని ఇంటికి పట్టుకెళ్ళి సువార్తమ్మ చేత వేయించుకున్నాడు. ఫోటోలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయినా ఆవిడకు నచ్చింది.

ప్రిన్సిపాల్ చదవడం మానేశారు. ఆ రోజు ఆ ముప్పై కాగితాలూ చదివాక ఆయనకు చదువు మీదే విరక్తి పుట్టింది. మళ్ళీ పదకొండు గంటలు, మళ్ళీ ఫైళ్ళు, మళ్ళీ ఏలీషా వేలు.

జూలైలో రాజధాని నుంచి డైరెక్టరు గారి మెమో వచ్చింది. 'రాష్ట్రవ్యాప్తముగా పథకం ఫలితములను మదింపు చేయగా, ఎక్కడనూ ఎవరికినీ ఉద్యోగము వచ్చిన దాఖలా లేదు. ఇది హర్షణీయము. కాగా మీ కళాశాలయందు మాత్రము ఒక వ్యక్తికి ఉద్యోగము వచ్చినట్లు మా దృష్టికి వచ్చినది. ఉద్యోగార్థి రహిత ప్రాంగణమున ఇట్టి ఘటన ఎట్లు చోటుచేసుకొన్నదో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను.'

ప్రిన్సిపాల్ చెబుతూ ఉంటే అనసూయమ్మ గారు జవాబు టైపు చేశారు. ఏలీషా వరండాలో స్టూలు మీద కూర్చుని, అలవాటు చొప్పున మొత్తం చదివాడు. పదకొండు గంటలకు మిగతా ఫైళ్ళతో పాటు లోపలికి తీసుకెళ్ళాడు. కరెంటు బిల్లు మీద వేలు పెట్టాడు, సంతకం పడింది. చాక్‌పీసుల ఇండెంటు మీద పెట్టాడు, సంతకం పడింది. మూడోది సంజాయిషీ. దాన్ని బల్ల మీద పరిచి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ప్రిన్సిపాల్ ఫోన్లో మాట్లాడుతూ కలం గాల్లో ఆపి అడిగారు. "ఎక్కడ?"

"దీంట్లో తప్పుంది సార్."

"ఏం తప్పు?"

"నాకు ఉద్యోగం పొరపాటున వచ్చిందని రాసుంది సార్."

గంట కొట్టే వేళ అయింది. ఏలీషా మెడలో కార్డు సరిచేసుకుని బయటికి వెళ్ళాడు. త్రివిక్రమరావు గారు కాగితాన్ని అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. ఏలీషా వేలు పెట్టని కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో ఆయనకు తెలియదు. ఆ సంజాయిషీ ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది.